వేసవి టమాటాలను సీసాలలో నిలువజేయు విధము

వేసవి కోతలు ముమ్మరమైనప్పుడు మదనపల్లె వంటి టమాటా బజారులలో ప్రతిదినమును బండ్లు బారులు తీరును. ధర నిలిచిన నాడు రైతు ముఖము కళకళలాడును. ధర పడిన నాడు కోతకూలియు బండి బాడుగయు గిట్టక, పండును చేనిలోనే విడిచిపెట్టుటయో, బాట ప్రక్కను పారబోయుటయో జరుగుచున్నది. 2023వ సంవత్సరపు సంగతి మన సభ్యులకు జ్ఞాపకముండియే యుండును. ఆ జూలై నెలలో పెక్కు పట్టణములలో కిలో టమాటా ధర 100 రూపాయలు దాటెను. అదే సంవత్సరము సెప్టెంబరు నాటికి ధర కూలి, రాయలసీమలో కొందరు రైతులు పండును రోడ్ల ప్రక్కను పారబోసిరి. రెండు నెలల యెడములో ఒకే పండు బంగారమును అయినది, చెత్తయు అయినది.

ఇందు మరియొక విచారకరమైన విషయము కలదు. టమాటా పండించిన ఇంటనే, ధర పెరిగిన నెలలో, పావుకిలో చొప్పున అంగడినుండి టమాటా కొని తెచ్చుకొనుచున్నారు. పారబోసిన పండులో ఒక్క పెట్టెను ఇంట నిలువ చేసికొనియుండిన, ఆ ఖర్చు తప్పియుండెడిది. కావున ఈ నెల పాఠముగా, వేసవిలో చౌకగా దొరకు టమాటాను గాజు సీసాలలో ఒక సంవత్సరము వరకు నిలువజేయు విధమును వ్రాయుచున్నాము.

ఈ పనివలన బజారు ధర నిలుచునని మేము చెప్పుటలేదు. ఎకరము చేనిలో పండెడు పంట టన్నులలో నుండును. దానినంతయు ఇంటి పొయ్యి మీద సీసాల కెక్కించుట ఎవరి తరమును గాదు. మేము చెప్పునది ఇంటి వాడకము వరకే. ఈ పని సులభమైనదే. కాని ఇందులో ఒక్క చోట పొరపాటు పడినచో ప్రాణమునకే ముప్పు కలదు. ఆ చోటు ఏదియో ముందు తెలిసికొని, పిమ్మట పొయ్యి వెలిగింపవలెను.

1. పెద్దలు ఎరిగిన ఉపాయములు

నిలువజేయుట మనకు కొత్త విద్య కాదు. మామిడికాయను ఉప్పు, కారము, ఆవపిండి, నూనెలతో ఆవకాయగా పెట్టుదుము. మామిడి రసమును చాపలమీద పొరలు పొరలుగా ఎండబెట్టి తాండ్ర చేయుదుము. వంకాయ, కాకర, గోరుచిక్కుడు ముక్కలను ఒరుగులుగా ఎండబెట్టుదుము. టమాటానే ముక్కలు కోసి, ఉప్పు పట్టించి, ఎండబెట్టి, నిలువ పచ్చడి చేయుదుము. ఈ పనులన్నిటిలోను వస్తువును కాపాడునవి మూడు: ఉప్పు, ఎండ, పులుపు. కంటికి కనబడని సూక్ష్మజీవులు పెరుగుటకు నీరు కావలెను. ఎండ ఆ నీటిని తీసివేయును; ఉప్పు ఆ నీటిని వానికి అందకుండ చేయును; పులుపు వాని పెరుగుదలను అడ్డగించును.

సీసాలో నిలువజేయు పద్ధతి వీనికి తోడు నాల్గవ ఉపాయమైన వేడిమిని వాడుకొనును. వస్తువును సీసాలో నింపి, మూత పెట్టి, సీసాతో కూడ మరుగు నీటిలో ముంచి తగినంత సేపు ఉంచినచో లోపలి సూక్ష్మజీవులు చచ్చును. చల్లారినప్పుడు లోపలి గాలి కుదించుకొని, మూత లోనికి లాగబడి బిగుసుకొనును. అటుపిమ్మట బయటి జీవులు లోపలికి చొరలేవు. రసము రసముగానే నిలుచును. వంట చేయునాడు అప్పుడు కోసిన పండువలెనే పులుసులోనికి, చారులోనికి పనికివచ్చును.

ఈ పద్ధతిని కనిపెట్టినవాడు నికొలా అప్పేర్ అను ఫ్రెంచి మిఠాయి వ్యాపారి. పెక్కు సంవత్సరములు ప్రయోగములు చేసి, ఆహారమును గాజు సీసాలలో బిరడాలతో మూసి మరుగు నీటిలో కాచిన నిలుచునని అతడు నిరూపించెను. ఫ్రాన్సు ప్రభుత్వము వారు 1810లో అతనికి 12,000 ఫ్రాంకులు బహుమాన మిచ్చిరి. అదే సంవత్సరము అతడు తన పద్ధతిని గ్రంథముగా ప్రకటించెను. ఆహారము ఏల నిలుచుచున్నదో మాత్రము అతడు ఎరుగడు. సూక్ష్మజీవుల వలననే పదార్థములు పులియుననియు చెడుననియు లూయి పాశ్చర్ నిరూపించుటకు మరి అర్ధ శతాబ్దము పట్టెను.

2. మూత బిగువును నమ్మి మోసపోరాదు

ఇప్పుడు ముఖ్య విషయమునకు వచ్చుచున్నాము. "మూత గట్టిగా బిగిసినది, లోపలికి గాలి పోదు, ఇక భయమేమి?" అని సాధారణముగా అనుకొందురు. ఈ నమ్మకమే ప్రమాదకరమైనది.

క్లాస్ట్రిడియం బొట్యూలినం అను ఒక సూక్ష్మజీవి మట్టిలో నుండును. మట్టిని అంటుకొని పెరిగిన కాయ మీదను, ఆకు మీదను, దుంప మీదను అది ఉండవచ్చును. అది గట్టి పెంకు గల గింజవంటి రూపమును దాల్చి, ఎంతకాలమైనను నిద్రాణమై యుండగలదు. మనము మరగించు నీటి వేడిమికి ఆ గింజరూపము గంటల కొలదియు చావదు. తక్కిన సూక్ష్మజీవులు చచ్చును, ఇది మిగులును. పైగా గాలి తగలని చోటనే ఇది మేలుకొని పెరుగును. అనగా మనము బిగించిన మూతయే దానికి అనువైన ఇల్లు కట్టి ఇచ్చుచున్నది. అది పెరుగుచు విడుచు విషము మిక్కిలి క్రూరమైనది. అత్యల్ప మాత్రము కడుపులోనికి పోయినను నరములు పట్టు తప్పి, ఊపిరి ఆడక ప్రాణము పోవచ్చును. విషము చేరిన పదార్థము చూపునకు, వాసనకు, రుచికి బాగుగానే యుండవచ్చును.

ఈ జీవిని ఆపునవి రెండు. మొదటిది సుమారు 121 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి. ఇది తెరచిన పాత్రలోని నీటికి ఎన్నడును రాదు. ఆవిరిని ఒత్తిడిలో బంధించు యంత్రములలోనే వచ్చును. రెండవది పులుపు. తగినంత పులుపు ఉన్న చోట ఆ గింజరూపము మేలుకొనలేదు. అప్పుడు మరుగు నీటి వేడిమి తక్కిన జీవులను చంపుటకు చాలును.

ఎంత పులుపు చాలునో శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పిరి. పులుపును పి.హెచ్. అను కొలతతో లెక్కింతురు. ఈ కొలతలో అంకె తగ్గినకొలది పులుపు హెచ్చు. నిమ్మరసము సుమారు 2 ఉండును. పచ్చి చిక్కుడు గింజలు, ఆకుకూరలు 5కును 6కును పైగా నుండును. 4.6 అనునది సరిహద్దు. అంతకు తక్కువ అంకె గల పదార్థమును మరుగు నీటిలో కాచి నిలువజేయవచ్చును. అంతకు మించినదానిని ఇంటి పొయ్యి మీద సీసాలలో నిలువజేయరాదు.

మన టమాటా ఎక్కడ నున్నది? సరిగా ఆ సరిహద్దు మీదనే యున్నది. పండు రకమునుబట్టియు, పక్వమునుబట్టియు దాని పి.హెచ్. 4.3 మొదలు 4.9 వరకు మారుచుండును. నాలుకకు పుల్లగా తోచిన పండు సరిహద్దు దాటి యుండవచ్చును. చక్కెర హెచ్చుగా నున్న పండు పులుపు చాలినంత యున్నను తీయగా తోచవచ్చును. కావున నాలుకను నమ్మక, ప్రతి సీసాలోను కొలిచి పులుపు కలుపవలెను. ఇందుకు నిమ్మ ఉప్పు అను పేర కిరాణా అంగళ్ళలో అమ్ము తెల్లని పొడి, అనగా సిట్రిక్ ఆమ్లము, మేలైనది. పేరులో ఉప్పు అని యున్నను ఇది వంట ఉప్పు కాదు, పులుపు పొడి. అర లీటరు సీసాకు 5 మిల్లీలీటర్ల చెంచాతో పావు చెంచా, లీటరు సీసాకు అర చెంచా వేయవలెను. తోటలోని నిమ్మకాయ రసము కాయకు కాయకు పులుపు మారును. గావున కొలత నిశ్చయముగా నుండు నిమ్మ ఉప్పునే వాడుడని మా సలహా.

ఈ పావు చెంచా పొడి ఈ పాఠమంతటికి ఆయువుపట్టు. సీసా పగిలిన డబ్బు నష్టము. నిమ్మ ఉప్పు మరచిన ప్రాణ నష్టము.

3. ఏ పండు తగినది

సంతలో అమ్మగా మిగిలి, నలిగి, నీరు కారుచున్న పండును సీసాలకు ఎక్కింతమని రైతునకు సహజముగా తోచును. ఇది పొదుపు వలె కనబడును గాని పొదుపు కాదు. మిగుల పండిన పండులో పులుపు తగ్గియుండును. కుళ్ళు పట్టిన పండులో బూజు పెరుగుచు ఉన్న పులుపును కూడ తినివేయును. తెగులు తగిలి ఎండిపోయిన మొక్కల మీది కాయయు పులుపు చాలనిదే. అట్టి పండును ఆనాటి కూరకు బాగుచేసి వాడుకొనవచ్చును. సీసాకు మాత్రము పనికిరాదు.

సీసాకు తగినది మొదటి గంప. అనగా ప్రొద్దుననే పచ్చని మొక్కనుండి కోసిన, ఎఱ్ఱగా పండి గట్టిగా నున్న, మచ్చయు పగులును లేని పండు. ధర పడిన నాడు మొదటి గంపయు చివరి గంపయు బజారులో ఒక్క ధరకే పోవుచున్నవి గదా! ఆనాడు మొదటి గంపను ఇంటికి ఉంచుకొనుటలో నష్టమేమియు లేదు.

అర లీటరు సీసాకు సుమారు 700 గ్రాముల పండు పట్టును. 25 కిలోల పెట్టెకు సుమారు 35 సీసాలు వచ్చును. అనగా నెలకు 3 సీసాల చొప్పున ఒక కుటుంబమునకు ఏడాది పొడుగునను సరిపోవును. మొదటిసారి చేయువారు లీటరు సీసాలకు పోక అర లీటరు సీసాలనే వాడుట మేలు. తెరచిన సీసాలోనిది ఒకటి రెండు పూటలలో చెల్లిపోవును. చల్లని పెట్టె లేని ఇంటనైనను పాడుకాదు.

4. కావలసిన సామగ్రి

నిలువజేయుటకై చేసిన దళసరి గాజు సీసాలు కావలెను. వాని మూతలకు లోపల రబ్బరు వంటి మెత్తని పూత యుండును. సీసాలను, బిగించు మరలను ఎన్ని సంవత్సరములైనను వాడవచ్చును. పూత గల మూత మాత్రము ఒక్క పర్యాయమే పనికివచ్చును. ప్రతి ఏడును కొత్త మూతలు కొనవలెను. అంచు బెసికిన సీసాను, తుప్పు పట్టిన మరను విడిచిపెట్టవలెను.

సీసాలు నిలువుగా మునిగి, వాని మీద రెండు వ్రేళ్ళ మందమున నీరు నిలుచునంత లోతైన డేగిసాయు, దానికి తగిన మూతయు కావలెను. డేగిసా అడుగున చిల్లుల పళ్ళెమును గాని, మడత పెట్టిన దళసరి గుడ్డను గాని వేయవలెను. లేనిచో అడుగు వేడి నేరుగా తగిలి గాజు పగులును. ఇవిగాక పొడుగు పట్టకారు, గరిటె, పప్పుగుత్తి, కొలత చెంచా, గడియారము ఉండిన చాలును.

5. చేయవలసిన విధము

మొదట సీసాలను సబ్బు నీటితో కడిగి, వేడి నీటిలో ఉంచవలెను. చల్లని సీసాలో మరుగుచున్న రసము పోసిన సీసా పగులును.

పండ్లను మట్టి పోవునట్లు కడిగి, మరుగు నీటిలో అర నిమిషము మొదలు ఒక నిమిషము వరకు ముంచవలెను. తొక్క చిట్లగానే చన్నీటిలో వేసిన తొక్క చేతికి ఊడివచ్చును. తొడిమ దగ్గరి గట్టి భాగమును తీసివేసి, పండును నాలుగు ముక్కలుగా కోయవలెను.

ముక్కలలో ఆరవ వంతు పాత్రలో వేసి, పప్పుగుత్తితో మెదుపుచు త్వరగా కాచవలెను. అది పొంగు వచ్చిన పిదప తక్కిన ముక్కలను కొంచెము కొంచెముగా వేయుచు అడుగంటకుండ కలుపవలెను. వీనిని మెదుపనక్కరలేదు. అన్నియు చేరిన తరువాత 5 నిమిషములు సన్నగా ఉడుకనీయవలెను.

వేడి సీసాలను తీసి, ముందుగా ఒక్కొక్క సీసాలో నిమ్మ ఉప్పు కొలిచి వేయవలెను. పిదప వేయుదమనుకొన్న మరచిపోవుదుము. ఉప్పు వేయుట ఇష్టము. అది రుచికే గాని రక్షణకు గాదు. ఆ వెంటనే ఉడుకుచున్న టమాటాను పోసి, పైన అర అంగుళము ఖాళీ విడువవలెను. సన్నని గరిటె కాడను సీసా గోడ వెంట త్రిప్పి లోపలి గాలి బుడగలను పోగొట్టవలెను. సీసా అంచును శుభ్రమైన తడిగుడ్డతో తుడువవలెను. అంచున ఒక్క గింజ చిక్కుకొన్నను మూత పట్టదు. మూత పెట్టి, మరను వ్రేళ్ళ బలముతోనే బిగింపవలెను. లోపలి గాలి బయటికి పోవలెను గావున మిక్కిలి బిగింపరాదు.

సీసాలను డేగిసాలోని వేడి నీటిలో నిలువుగా దింపి, మూత వేసి, పెద్ద మంట పెట్టవలెను. నీరు తెర్లి పొంగినప్పటినుండియే కాలము లెక్క పెట్టవలెను. నడుమ మంట తగ్గి పొంగు ఆగినచో, తిరిగి పొంగించి మొదటినుండి లెక్కింపవలెను. ఇందు లోభము పనికిరాదు.

6. ఎంత సేపు కాచవలెను

ఊరు ఎత్తునుబట్టి ఈ కాలము మారును. సముద్రతీరపు ఊళ్ళలో నీరు 100 డిగ్రీలకు మరుగును. ఎత్తైన చోట గాలి ఒత్తిడి తక్కువ గావున నీరు అంతకు తక్కువ వేడిమికే మరుగును. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. అచట నీరు సుమారు 98 డిగ్రీలకే మరుగును. చూచుటకు రెండుచోట్లను పొంగు ఒక్కటే. వేడి మాత్రము ఒక్కటి కాదు. అందుచేత తక్కువైన వేడిమిని కాలముతో పూరింపవలెను.

300 మీటర్ల లోపు ఎత్తు గల ఊళ్ళలో, అనగా విజయవాడ, గుంటూరు, నెల్లూరు వంటి చోట్ల, అర లీటరు సీసాలను 35 నిమిషములు, లీటరు సీసాలను 45 నిమిషములు కాచవలెను. 300 మొదలు 900 మీటర్ల వరకు ఎత్తు గల ఊళ్ళలో, అనగా మదనపల్లె, హైదరాబాదు వంటి చోట్ల, అర లీటరు సీసాలకు 40, లీటరు సీసాలకు 50 నిమిషములు కావలెను. 900 మీటర్లు దాటిన మన్యపు ఊళ్ళలో క్రమముగా 45, 55 నిమిషములు కావలెను. మీ ఊరి ఎత్తు నిశ్చయముగా తెలియనిచో పై మెట్టు కాలమునే పాటింపుడు. ఎక్కువ కాచినందున రంగు కొంచెము తగ్గును; తక్కువ కాచినందున సీసా చెడును.

కాలము నిండిన తరువాత మంట ఆర్పి, మూత తీసి, 5 నిమిషములు ఆగి, సీసాలను పట్టకారుతో నిలువుగా తీసి గుడ్డ మీద ఎడముగా పెట్టవలెను. గాలి వీచు చోటను, చల్లని బండ మీదను పెట్టిన పగులును. మరలను మరల బిగింపరాదు. ఒక పగలును ఒక రాత్రియు కదలింపక యుంచవలెను.

7. నిలువయు పరీక్షయు

మరునాడు మూత నడుమ వ్రేలితో నొక్కి చూడవలెను. మూత లోనికి క్రుంగి కదలకుండ నున్నచో సీసా పట్టినది. నొక్కినప్పుడు టక్కుమని లేచినచో పట్టలేదు. అందలి టమాటాను ఆనాటి వంటకే వాడుకొనవలెను. పట్టిన సీసాల మరలను తీసివేసి, సీసాను తుడిచి, చేసిన తేదీని చీటీ మీద వ్రాసి అంటింపవలెను.

మన వేసవిలో రేకుల కప్పు క్రింద, వంటపొయ్యి ప్రక్క, కిటికీ ఎండలో సీసాలు పెట్టరాదు. 35 డిగ్రీలకు మించని నడిమింటి గదిలో, చీకటి మూలను పెట్టవలెను. ఒక సంవత్సరములోగా వాడుకొనుట మంచిది.

తెరచుటకు ముందు ప్రతి సీసాను చూడవలెను. మూత ఉబ్బుట, రసము కారుట, తెరచినప్పుడు నురుగు చిమ్ముట, బూజు, చెడు వాసన, వీనిలో ఏది కనబడినను ఆ సీసాను వాడరాదు. "కొంచెము నాలుకకు తగిలించి చూతము" అనరాదు. పశువులకు, కోళ్ళకు వేయరాదు. ఉబ్బిన సీసాను తెరువక సంచిలో కట్టి, పశువులు త్రవ్వలేనంత లోతున పాతిపెట్టవలెను. నిమ్మ ఉప్పు వేసినట్లు జ్ఞాపకము లేని సీసాను కూడ చెడిన సీసాగానే ఎంచవలెను.

ఇంట నిలువజేసిన పదార్థమును తిన్న పిమ్మట, సాధారణముగా 12 మొదలు 36 గంటలలో, చూపు మసకబారుట, ఒక వస్తువు రెండుగా కనబడుట, కనురెప్పలు వాలుట, మాట తడబడుట, మ్రింగుడు పడకపోవుట, ఒడలు సత్తువ తగ్గుట కనబడినచో, క్షణమైన ఆలస్యము చేయక పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను. తిన్న పదార్థము సంగతి వైద్యునకు చెప్పవలెను. విషమునకు విరుగుడు మందు కలదు. అది ఎంత ముందు పడిన అంత మేలు.

8. సభ్యులకు తోచు సందేహములు

నిమ్మ ఉప్పునకు బదులు చింతపండు చాలునా? చాలదు. చింతపండు పుల్లనిదే గాని దాని పులుపు సరకు సరకునకు మారును. ఎంత వేసిన సరిపోవునో నిర్ణయమైన కొలత లేదు. చింతపండును సీసా తెరచిన పిదప పులుసులో వేసికొనుడు.

వెల్లుల్లి, ఉల్లి, పచ్చిమిరప వేసి, తాలింపు పెట్టి నింపవచ్చునా? వలదు. ఇవన్నియు పులుపు లేని వస్తువులు. కలిపినకొలది సీసాలోని పులుపు పలుచనగును. నూనెయు పిండియు వేడిని నడిమికి పోనీయవు. సీసాలో టమాటా మాత్రమే యుండవలెను.

రసమును సలసల కాచి సీసాలో పోసి, మూత బిగించి, తలక్రిందులుగా పెట్టిన చాలునని కొందరందురు. చాలదు. మూత పట్టినట్లు కనబడును గాని, సీసాలో తగిన కాచుట జరుగలేదు.

బెండ, చిక్కుడు, వంకాయ, మొక్కజొన్న, ఆకుకూర, మాంసపు కూర ఇట్లే నిలువజేయవచ్చునా? ఎంతమాత్రమును వలదు. వీనికి పులుపు లేదు. గంటల కొలది మరగించినను ప్రమాదము తీరదు. ఇంటి ప్రెషరు కుక్కరు కూడ ఇందుకు తగినది కాదు. అది చిన్నది గావున త్వరగా వేడెక్కి త్వరగా చల్లారును, దానికి పరీక్షించి నిర్ణయించిన కాలములు లేవు. వీనిని ఒరుగులుగానే ఎండబెట్టుకొనుడు.

మామిడి మాట యేమి? తీపి రకపు మామిడిలో పండినకొలది పులుపు తగ్గిపోవును. రసము పరిశ్రమలలో ప్రతి సరకు పులుపును కొలిచి సరిచేయుదురు. ఇంట ఆ కొలత లేదు గావున, మామిడిని పెద్దలు చూపిన ఆవకాయ, తాండ్ర దారిలోనే నిలువ చేసికొనుట క్షేమము.

9. సంఘము చేయదగినది

ఒక్కొక్క ఇంటికిని పెద్ద డేగిసా కొనుట బరువగును. అది సంవత్సరములో పది దినములే పనికివచ్చును. పంట నూర్చు యంత్రమును, మందు చల్లు యంత్రమును సభ్యులు వంతులవారిగా వాడుకొనునట్లే, సంఘము రెండు డేగిసాలు, చిల్లుల పళ్ళెములు, పట్టకార్లు కొని ఉంచవచ్చును. సీసాలును మూతలును నిమ్మ ఉప్పును టోకున తెప్పించిన ధర తగ్గును. అన్నిటికంటె ముఖ్యముగా, పది ఇండ్లవారు ఒక్క చోట కూడి చేసినచో ఒకరు గడియారము చూతురు, ఒకరు నిమ్మ ఉప్పు కొలుతురు, మరపునకు చోటుండదు.

ఇట్టి కూటములు ఇతర దేశములలో జరిగియున్నవి. అమెరికాలోని దక్షిణ కెరొలైనా రాష్ట్రమున, ఐకెన్ ప్రాంతములో, 1910లో మేరీ క్రోమర్ అను ఉపాధ్యాయురాలు బాలికల టమాటా సంఘమును స్థాపించెను. ఒక్కొక్క బాలిక ఎకరములో పదియవ వంతు నేలలో టమాటా పెంచి, పండును నిలువజేసి అమ్ముట నేర్చెను. ఈ సంఘములు తరువాత ఇతర రాష్ట్రములకును వ్యాపించినవి. చేనిలోని పంటతోడనే దానిని కాపాడు విద్యయు నేర్పవలెనను తలంపు మనకును ఆదర్శము కాదగినది.

అమ్మకపు సంగతి వేరు. ఇంట చేసినదానిని ఇంట వాడుకొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. ఇతరులకు అమ్మదలచినచో 2006 నాటి ఆహార భద్రతా చట్టము ననుసరించి నమోదు గాని లైసెన్సు గాని పొందవలెను, పి.హెచ్. కొలుచు సాధనమును, తేదీల లెక్కయు ఉండవలెను. మైసూరులో 1950లో నెలకొల్పబడిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఇట్టి విద్యలకు పేరుగన్నది. అమ్మకము తలపెట్టు సంఘములు అట్టి సంస్థలవద్ద శిక్షణ పొందిన పిదపనే మొదలిడవలెను.

10. మరువరాని మాటలు

మొదటి గంప పండునే వాడుడు. ప్రతి సీసాలోను నిమ్మ ఉప్పు కొలిచి ముందుగా వేయుడు. టమాటాతో మరి యేదియు కలుపకుడు. ఊరి ఎత్తునుబట్టి కాలము లెక్కించి కాచుడు. ప్రతిసారియు కొత్త మూత వాడుడు. అనుమానపు సీసాను రుచి చూడక పారవేయుడు.

ఈ ఆరు మాటలను కాగితము మీద వ్రాసి వంటింటి గోడకు అంటించుకొనవలెనని సభ్యులను, ముఖ్యముగా ఇంటి ఇల్లాండ్రను కోరుచున్నాము. ధరను నిలుపుట మన ఒక్కరి చేతిలో లేదు. చేయి చాచిన అందునంత దూరములో నున్నది మన ఇంటి అటక. వచ్చు వేసవిలో ధర పడిన నాడు, పండును బాట ప్రక్కను పోయుటకు బండి కట్టకమునుపు, ఒక్క పెట్టెను ఇంటిముందు దింపుడు. ఆశ్వయుజ కార్తికములలో అంగడి ధర విని కొనువారందరును తల పట్టుకొనునప్పుడు, పండించిన రైతు ఇంట పులుసు కాగుచుండవలెనని మా కోరిక.